పదడుగుల గదికి ఎంత బేస్ కావాలి?

ప్రశ్న: అన్నా, మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. గుంటూరు బ్రాడీపేటలో మేడ మీద గది తీసుకుని నేనూ, మా ఊరి అబ్బాయీ ఉంటున్నాం. నాది డిగ్రీ ఫైనలియర్, వాడు గ్రూప్స్‌కు చదువుతున్నాడు. గది పదికి పది. రెండు మంచాలు, ఒక టేబులు. పగలు ల్యాప్‌టాప్‌లో క్లాసులు వింటాను, సాయంత్రం పాటలు, అప్పుడప్పుడు సినిమా. స్పీకర్లకని 3,500 దాచాను. మా సీనియర్ ఒకాయన గది ఖాళీ చేస్తూ తన 5.1 హోమ్ థియేటర్ మూడు వేలకే ఇస్తానంటున్నాడు. షాపులో అడిగితే ‘పెద్ద సబ్‌వూఫర్ ఉన్నది తీసుకో, వెయ్యి వాట్లు, బ్లూటూత్ కూడా ఉంది’ అన్నారు. కింద ఇంటి ఓనరుగారు ఉంటారు. ఏది కొనమంటావు?
– ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: అన్నా అని రాశావు కాబట్టి నువ్వు అనే అంటాను తమ్ముడూ, ఏమనుకోకు.

ముందు మీ సీనియర్ 5.1 సంగతి తేల్చేద్దాం. వద్దు. అది మంచిదా కాదా అన్నది తర్వాతి మాట, అసలు ఎక్కడ పెడతావు? అయిదు చిన్న పెట్టెలు, ఒక పెద్ద పెట్టె, వాటికి గదంతా వైర్లు. వెనక పెట్టాల్సిన రెండూ మీ తలగడల మీదికి వస్తాయి. పైగా నీ ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ పిన్నులోంచి వచ్చేది రెండే చానళ్లు, ఎడమా కుడీ. యూట్యూబ్‌లో నువ్వు చూసేవి కూడా దాదాపు అన్నీ అంతే. మిగతా పెట్టెలు ఆ రెండింటినే మళ్లీ వల్లె వేస్తాయి. ఊళ్లో మీ ఇంట్లో పెద్ద హాలు, పెద్ద టీవీ ఉంటే అది వేరే లెక్క.

షాపువాళ్లు చెప్పిన పెద్ద బేస్ పెట్టె, అదే సబ్‌వూఫర్ గురించి మాత్రం కొంచెం తీరిగ్గా మాట్లాడాలి. ఎందుకంటే నేను ఆ దారిలో పోయి వచ్చినవాణ్నే.

బెజవాడలో చదువుకునే రోజుల్లో సత్యనారాయణపురంలో ఒక మేడ గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. డబ్బులు పోగేసుకుని సబ్‌వూఫర్ ఉన్న సెట్టు ఒకటి కొన్నాం. అట్టపెట్టె మీద 1,200 వాట్లు అని బంగారు రంగు అక్షరాలు. మొదటి రాత్రి పాట పెట్టగానే టేబులు మీద మంచినీళ్ల గ్లాసు మెల్లగా జరుగుతూ అంచుదాకా వెళ్లింది. ఆహా, డబ్బులు గిట్టుబాటయ్యాయి అనుకున్నాం. మూడో రోజు పొద్దున కింద వాటాలో ఉండే ఓనరు మామ్మగారు మెట్ల దగ్గర ఆపి, ‘ఏం బాబూ, రాత్రిళ్లు మీ గదిలో ఏమన్నా దంచుకుంటున్నారా?’ అని అడిగారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. ఆవిడకు పాట వినపడలేదు. గొంతు, వయొలిన్, పాటలో మాటలు, అవన్నీ మా గోడల దగ్గరే ఆగిపోయాయి. స్లాబు దాటి కిందికి దిగింది ఆ ‘దబ్ దబ్’ ఒక్కటే.

సన్నని శబ్దాన్ని గోడ, తలుపు చాలావరకు ఆపుతాయి. బేస్ లాంటి మంద్ర శబ్దాన్ని ఆపలేవు. పైగా సబ్‌వూఫర్‌ను నేల మీద పెడతాం కాబట్టి ఆ పెట్టె అదురు నేరుగా స్లాబులోకి దిగుతుంది. మీ ఓనరుగారి నెత్తి మీద రోకలి పోటు పడకూడదనుకుంటే ఈ ఒక్క కారణం చాలు.

ఆ సెట్టు వెనకాల చిన్న స్టిక్కర్ ఉండేది. కొన్న ఆర్నెల్లకు గానీ నేను దాన్ని చదవలేదు. ‘12 వోల్టులు, 1.5 ఆంపియర్లు’ అని ఉంది. ఇంటర్‌లో చదువుకున్నదే, రెంటినీ గుణిస్తే 18 వాట్లు. లోపలికి పోయేదే 18 వాట్లయితే బయటికి 1,200 ఎక్కణ్నుంచి వస్తాయి? పద్దెనిమిది లీటర్ల పాలు తోడుపెట్టి పన్నెండొందల లీటర్ల పెరుగు తీస్తానన్నట్టుంది. ఆ అంకె పక్కన చిన్న అక్షరాల్లో పీఎంపీఓ అని ఉంటుంది చూడు, కిటుకంతా అక్కడే. దాన్ని ఇలాగే కొలవాలన్న కట్టుబాటు ఏదీ లేదు, ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకుంటారు. నువ్వు చూడాల్సింది ఆర్‌ఎంఎస్ అని రాసిన వాట్లు, అంటే నిలకడగా ఇచ్చేవి. అది ఎక్కడా రాయలేదంటే చెప్పుకోదగ్గ అంకె కాదన్నమాట. అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసి గుణించు. అడాప్టర్ లేకుండా నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టేదైతే వెనక స్టిక్కర్ మీద వాట్లే రాసి ఉంటాయి. నిలకడగా బయటికొచ్చేది అంతకన్నా తక్కువే ఉంటుంది.

అయితే వాట్లు తక్కువని బెంగపడకు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెళ్లే, కాస్త పెరిగిందేమో అనిపిస్తుంది అంతే. చెవికి రెండింతలు గట్టిగా వినపడాలంటే పది రెట్లు వాట్లు కావాలి. అంటే 10 వాట్ల సెట్టుకీ 20 వాట్ల సెట్టుకీ తేడా ధరలో కనపడినంత చెవిలో కనపడదు. నువ్వు వినేది టేబులు ముందు కూర్చుని, మూడడుగుల దూరంలో. అక్కడ నిజమైన అయిదు వాట్లు ధారాళంగా సరిపోతాయి.

ఇప్పుడు నీ గది దగ్గరికి వద్దాం. పదికి పది అన్నావు. స్లాబు ఎత్తు కూడా పదడుగులే అయ్యుంటుంది, మన అద్దె గదులన్నీ అంతే కదా. ధ్వని విషయంలో ఇంతకన్నా మొండి గది దొరకదు. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఆ లెక్కన 56 హెర్ట్జ్ దగ్గరున్న, అంటే సెకనుకు 56 సార్లు అదిరే శబ్దానికి అల పొడవు ఇరవై అడుగులు, సరిగ్గా నీ గదికి రెట్టింపు. ఎదురెదురు గోడల మధ్య సగం అల సరిగ్గా ఇమిడిపోయి, అటూ ఇటూ కొట్టుకుని అక్కడే నిలబడిపోతుంది. గోడల దగ్గర ఉప్పొంగుతుంది, గది నడుమ పలచబడుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకటే అయితే మూడు దిక్కుల్లోనూ అదే శబ్దం పేరుకుంటుంది. మిగతా శబ్దాలన్నీ పోయి అదొక్కటే బుర్రుమంటుంది.

నమ్మకం కుదరకపోతే సబ్‌వూఫర్ ఉన్న ఏ స్నేహితుడి గదికైనా వెళ్లు. పాట పెట్టించి, గోడకు ఆనుకుని నిలబడి విను. తర్వాత మెల్లగా గది మధ్యకు నడు. అదే పాట, అదే వాల్యూమ్, బేస్ మాత్రం ఎవరో మూట కట్టుకుపోయినట్టు ఉంటుంది. మన మంచాలు గోడ వారగా ఉంటాయి కాబట్టి పడుకున్నవాడికి చెవులు గింగురుమంటాయి, మధ్యలో కుర్చీ వేసుకున్నవాడు ఇంకొంచెం పెంచుతాడు. మా గదిలో సగం గొడవలు దీనివల్లే. లక్ష రూపాయల సబ్‌వూఫర్ తెచ్చినా ఆ గదిలో ఇదే తంతు.

కాబట్టి నువ్వు కొనాల్సింది రెండే రెండు చిన్న పెట్టెలు. షాపులో 2.0 అని అడుగు. లోపల అదిరి శబ్దం చేసే గరాటు లాంటి కోన్ రెండు నుంచి మూడు అంగుళాలు ఉంటే చాలు, ఆర్‌ఎంఎస్ అయిదు నుంచి పది వాట్లు.

‘బేస్ లేకుండా పాటేంటన్నా’ అంటావు. ఉంటుంది, అదరదంతే. బేస్ గిటార్ లావు తీగ శ్రుతి 41 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. రెండంగుళాల కోన్ దాన్ని పలికించలేదు. కానీ ఆ తీగ మోగినప్పుడు దాని రెట్టింపు 82, మూడింతలు 123, అలా పై శబ్దాలు కూడా వస్తాయి. అవి వినపడితే చాలు, కింద లేనిదాన్ని మన మెదడే పూరించుకుంటుంది. చిన్న ట్రాన్సిస్టర్‌లో కూడా డోలు మనకు డోలుగానే వినిపించేది అందుకే. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ తర్వాత కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎన్ని దశాబ్దాలు జనం వార్తలు, నాటికలు, హరికథలు అరచేయంత స్పీకర్‌లో విన్నారో! బేస్ చాల్లేదని ఎవరూ రేడియో కట్టేయలేదు. మాట స్పష్టంగా ఉందా లేదా, అదే చూసుకున్నారు. నువ్వు కూడా రోజులో ఎక్కువసేపు వినేది క్లాసులే.

పేర్లు చెప్పమంటావని తెలుసు. చిన్నవాటిలో క్రియేటివ్ పెబుల్ నాకు నచ్చింది. రెండంగుళాల కోన్లు, ఆర్‌ఎంఎస్ 4.4 వాట్లని కంపెనీయే ఒప్పుకుంటుంది, వీ2 రకానికి 8 వాట్లు. ముఖం 45 డిగ్రీలు పైకెత్తి ఉంటుంది కాబట్టి టేబులు మీద పెడితే శబ్దం నేరుగా మొహానికి వస్తుంది. యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకుంటుంది. ఇంకా తక్కువలో కావాలంటే లాజిటెక్ జెడ్120 ఉంది. దాని వాట్లు మొత్తం కలిపి 1.2 మాత్రమే, క్లాసులకు సరిపోతుంది, పాటలకు నీకు ఆనదు. ఎడిఫైయర్ ఆర్1280టీ నాలుగంగుళాల వూఫర్లతో, 42 వాట్లతో అసలైన చెక్కపెట్టె స్పీకర్ల జత. అది నీ బడ్జెట్ దాటుతుంది, టేబులు మీద చోటు కూడా గట్టిగానే తీసుకుంటుంది. ఉద్యోగం వచ్చాక చూద్దువుగాని. ధరలు పూటకోలా మారతాయి కాబట్టి అంకెలు రాయను, కొనే రోజున రెండుచోట్ల చూసుకో.

వీలైతే షాపులో విని కొను. గుంటూరులో దొరక్కపోతే, బెజవాడ వెళ్లే పని పడినప్పుడు గవర్నర్‌పేటలో చూడు. ఒక్క విషయం మాత్రం పట్టుబట్టు. వాళ్ల పెన్‌డ్రైవ్‌లో పాట విననే వద్దు. స్పీకర్ తప్పులన్నీ కప్పేసే పాటలు వాళ్ల దగ్గర ఉంటాయి. నీ ఫోన్ పెట్టు. ముందు నువ్వు రోజూ వినే లెక్చరర్ క్లాసు ఒక నిమిషం విను. ‘స’, ‘ష’ దగ్గర ఈలలా చెవిలో గుచ్చుకుంటోందా? ‘బ’, ‘భ’ దగ్గర తిత్తి ఊదినట్టు ఉందా? ఆ గొంతు నీకు బాగా తెలుసు కాబట్టి తేడా వెంటనే పట్టేస్తావు. తర్వాత ఒక ఆడగొంతు పాట పెట్టు. రెండు స్పీకర్ల మధ్య తల పెడితే గొంతు సరిగ్గా నడిమధ్య నుంచి రావాలి, అటూ ఇటూ చీలిపోకూడదు. పాట ఆపి వాల్యూమ్ పూర్తిగా పెంచు. సుయ్‌మనే శబ్దం అడుగు దూరానికి కూడా వినపడితే పక్కన పెట్టెయ్. చివరికి వాల్యూమ్ బాగా తగ్గించి విను, ఎందుకంటే రాత్రిళ్లు నువ్వు వినేది అంతే. తగ్గించగానే ఒక పక్కది ముందే మూగబోయే స్పీకర్లు చాలా ఉంటాయి, నాబ్ నాసిరకం.

సెకండ్‌హ్యాండ్ తీసుకోవాలనిపిస్తే కోన్ చుట్టూ ఉండే నల్లటి అంచును వేలితో మెల్లగా తాకు. పాతబడిన ఫోమ్ అయితే పొడిపొడిగా రాలుతుంది. నాబ్ తిప్పితే కరకరమంటే లోపల దుమ్ము చేరినట్టు. గొంతు నీరసంగా, ఎక్కణ్నుంచి వస్తోందో తెలియకుండా ఉంటే ఒక స్పీకర్ వైర్లు ఎరుపు నలుపు తారుమారయ్యాయేమో చూడు. ఆ తప్పు సరిచేస్తే అయిదు నిమిషాల్లో మంచి సెట్టు అయిపోతుంది. బేరమాడేటప్పుడు ఆ మాట పైకి అనకు.

ఇక ఇంటికి తెచ్చాక పెట్టడం. నన్నడిగితే కొనడం కన్నా ఇదే ముఖ్యం, దీనికి పైసా ఖర్చు లేదు.

టేబులు మూలలో ఉంటే బయటికి లాగి గోడకు మధ్యలో వెయ్యి. మూలలో ఉంటే ఒక స్పీకర్ రెండు గోడల సందున ఇరుక్కుని మొద్దుగా మోగుతుంది, రెండోది మామూలుగా మోగుతుంది. రెండు స్పీకర్ల మధ్య రెండు మూరల దూరం, ఒక్కోదానికీ నీ తలకూ మధ్య కూడా రెండు మూరలే. ముక్కోణంలా కుదరాలి. వెనక రంధ్రం ఉన్న స్పీకరైతే గోడకు కనీసం జానెడు ఎడం ఉంచు, లేకపోతే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. పెబుల్ లాంటిది కాకుండా ముఖం నిటారుగా ఉన్నవైతే కోన్ నీ రొమ్ముకేసి చూస్తూ ఉంటుంది. ముందు వైపు కింద చిన్న చెక్కముక్క పెట్టి ముఖం చెవులకేసి ఎత్తు. ఆ తర్వాత పాత హవాయి చెప్పు ఒకటి తీసుకుని నాలుగేసి చిన్న ముక్కలు కోసి ఒక్కోదాని కింద పెట్టు. స్పీకర్ అదురు టేబులు బల్లలోకి దిగకుండా ఆ రబ్బరు ఆపుతుంది. మన అద్దె గదుల టేబుళ్లు పలచటి ప్లైవుడ్, అవి స్పీకర్‌తో పాటు తామూ పాడతాయి. పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి అదే పాట విని చూడు.

తర్వాత గది నడుమ నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టు. వెనకాలే ‘ఛింగ్’మని సన్నగా తోకలా మోగిందా? సున్నం గోడలు ఒకదానికొకటి శబ్దాన్ని విసురుకుంటున్నాయి. స్పీకర్ల ఎదుటి గోడకు తాడు కట్టి బట్టలు వేలాడదీయండి, ఎలాగూ ఇద్దరు అబ్బాయిల గదిలో అవి కుర్చీ మీదే కదా ఉండేది. కిటికీకి మందపాటి పరదా, మూలన చుట్ట చుట్టి నిలబెట్టిన దూదిపరుపు కూడా పనికొస్తాయి. మళ్లీ చప్పట కొట్టి చూడు. కోడిగుడ్ల అట్టలు మాత్రం గోడకు అంటించొద్దు. శబ్దం పక్కింటికి పోకుండా అవేమీ ఆపలేవు, బొద్దింకలకు మేడలు కట్టించినట్టవుతుంది.

ఈ పరీక్షలన్నీ ఫ్యాన్ తిరుగుతుండగానే చెయ్యి. ఫ్యాన్ ఆపి విన్న పాట గుంటూరులో మార్చి దాటాక నీకు మళ్లీ వినపడదు.

బ్లూటూత్ ఉంటే మంచిదే గానీ దానికోసం డబ్బు ఎక్కువ పెట్టకు. పాటలకు ఇబ్బంది లేదు. గేమ్ ఆడితే మాత్రం తుపాకి పేలాక చప్పుడు వస్తుంది, సెకనులో పదోవంతో రెండు పదోవంతులో ఆలస్యం. మీ ఇద్దరి ఫోన్లూ కలిపావంటే వాడి అలారం నీ స్పీకర్‌లో మోగుతుంది. 3.5 పిన్ను వైరు ఒక్కటి చాలు. ఫోన్‌కు ఆ రంధ్రం లేకపోతే టైప్‌-సి కన్వర్టర్ దొరుకుతుంది. అన్నీ అన్ని ఫోన్లకూ పనిచేయవు, షాపులోనే నీ ఫోన్‌కు పెట్టి విను. ఒంటి పెట్టె బ్లూటూత్ స్పీకర్ అయితే ఎడమా కుడీ ఒకేచోట నుంచి వస్తాయి, మేడ మీదికి తీసుకెళ్లడానికి బాగుంటుంది గానీ టేబులుకు కాదు.

ల్యాప్‌టాప్‌కు కలపగానే గుయ్‌మని మోత వస్తే కంగారుపడి స్పీకర్ వెనక్కి ఇవ్వకు. ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడు. మోత ఆగిందంటే తప్పు స్పీకర్‌ది కాదు, చార్జర్ నుంచో, గదిలో ఎర్తింగ్ సరిగా లేకో వస్తోంది. రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టి చూడు. అప్పటికీ ఉంటే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న ముక్క అమ్ముతారు, వైరు మధ్యలో పెట్టుకోవడమే. ఆ పేరు చెబితే తెల్లమొహం వేసే షాపువాడి దగ్గర మాత్రం కొనకు.

రాత్రి సంగతి నువ్వు అడగలేదు, నేనే చెబుతున్నా. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లున్న ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా పరిమితి 45 డెసిబెళ్లు. మీ ఓనరుగారు మీటరు పట్టుకుని పైకి రారులే. కానీ గ్రూప్స్‌కు చదివేవాడు పక్క మంచం మీద ఉన్నాడు, వాడికి నీ సినిమా డైలాగులు పాలిటీ పాఠంలో కలిసిపోతే ఆ పాపం నీదే. 3,500లో అయిదారొందలు పక్కన పెట్టి వైరు ఇయర్‌ఫోన్లు కొనుక్కో. అవి కూడా అదే పనిగా పెంచి వినొద్దు. వారానికి 40 గంటల లెక్కన 80 డెసిబెళ్ల దాకా పర్వాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, వాల్యూమ్ పెరిగేకొద్దీ ఆ గంటలు గబగబా తగ్గిపోతాయి. మీవాడు పక్క నుంచి పిలిస్తే నీకు వినపడాలి, అంతవరకే పెంచు.

స్పీకర్లు తెచ్చిన అట్టపెట్టె, లోపలి థర్మోకోల్ పారేయకు, మంచం కిందికి తోసెయ్. బిల్లు అందులోనే పెట్టు. వారంటీకి అదే కావాలి. ఫైనలియర్ అన్నావుగా, పరీక్షలయ్యాక గది ఖాళీ చేసి సత్తెనపల్లి బస్సులో పైన మూటల మధ్య పెట్టుకు వెళ్లేటప్పుడు ఆ థర్మోకోల్ ఎంత పనికొస్తుందో చూద్దువుగాని.